చెవిమేస్త్రికి అందని కీచు

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ పేటలో ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన చెవిమేస్త్రే. బండి ఇంకా వీధి మలుపు తిరుగుతుండగానే, చేతిలో పని చేతిలోనే ఉంచి, "వచ్చేవాడి బండి మూడో సిలిండరు మొరాయిస్తోంది" అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే మూడోదే అయ్యేది. మరీ తేలని రోగమైతే పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసి, దాని కొసను నడుస్తున్న ఇంజనుకీ, పిడిని చెవి వెనక ఎముకకీ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ రెండు నిమిషాలూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. కళ్ళు తెరిచి చెప్పాడంటే ఇక దానికి తిరుగు లేదు. ముప్పై ఏళ్ళు అలాగే సాగింది. ఆ పేరు మీదే ఇల్లు గడిచింది, ఆ పేరు మీదే ఆయన మీసం నిలబడింది.

ఆయన భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. యాభై దాటినా అక్కకింకా పసివాడే. బావగారి ముందు మాత్రం ఊరికే వేళాకోళాలాడే బాపతు. అతనికి పాత వ్యాను ఒకటి ఉండేది. రోజూ తెల్లారాక పెద్దాసుపత్రికి వెళ్ళి మాసిన దుప్పట్లు మూటలుగా ఎక్కించుకుని, ఊరి చివర గుట్ట మీదున్న లాండ్రీకి తీసుకెళ్ళి, ఉతికినవి దింపుకొచ్చేవాడు. పదిహేనేళ్ళుగా అదే పని, అదే బండి. ఎప్పుడో మెట్ల మీంచి పడి అతని ఎడమ భుజం దిగజారిపోయింది. ఆ చెయ్యి రొమ్ము ఎత్తు దాకా వస్తుంది, ఆపైకి రమ్మంటే రాదు. మామూలు స్టీరింగు తిప్పడం అతని వల్ల కాదు. ఆ వ్యానుకి పవర్ స్టీరింగు ఉంది కాబట్టి కుడిచేత్తో నెట్టుకొస్తున్నాడు. "నా ఎడంచెయ్యి బానెట్ కింద ఉంది బావా. దాన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకో" అనేవాడు నవ్వుతూ.

ఏడాది క్రితం ఆ స్టీరింగుని తేలిక చేసే నూనె పంపు కారిపోతుంటే చెవిమేస్త్రే మార్చాడు. కొత్త పంపు దొరికింది గానీ దాని ముందుండే, బెల్టు తిప్పే పుల్లీ దొరకలేదు. ఆ బండికి పుల్లీలు చెయ్యడం మానేసి చాలా కాలమైంది. పాతదాన్నే పీకి కొత్త షాఫ్టుకి ఎక్కించాడు. ఈ పుల్లీని పట్టి ఉంచే మేకూ ఉండదు, నట్టూ ఉండదు. షాఫ్టుకి బిర్రుగా పట్టిన పట్టే దానికి ఆధారం. ఒకసారి పీకిన పుల్లీకి ఆ మొదటి పట్టు రాదని ఆయనకి తెలుసు. అయినా ఎక్కించినప్పుడు గట్టిగానే కూర్చుంది. "ఇంకేం, నీ ఎడంచెయ్యి అతికించాను ఫో" అన్నాడు.

ఆ ఎండాకాలం మొదట్లో బావమరిది ఒకరోజు పొద్దున పది గంటలకి వచ్చాడు. బండి ఆపకుండానే కిందికి దిగాడు.

"బావా, మలుపు తిప్పినప్పుడల్లా ముందు ఏదో కీచుమంటోంది. పిచ్చుకపిల్ల గొంతు నొక్కినట్టు. వినిపిస్తోందా?"

చెవిమేస్త్రి బానెట్ ఎత్తాడు. ఇంజను గరగర, ఫ్యాను హోరు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమన్నాడు. స్క్రూడ్రైవరు తీసి పంపు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల బేరింగు పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా తిరుగుతోంది. ఏ తప్పూ లేదు.

"ఏమీ లేదురా."

"లేకపోవడమేంటి బావా! ఇదిగో, ఇప్పుడు కూడా అంటోంది కదా!"

"నీ చెవిలో జోరీగ దూరింది. పోయి చూపించుకో."

వేడి ఇంజనులో చెయ్యి పెట్టకూడదన్నది ఆయన నియమం. ఇంజను ఆపించి, చల్లారేదాకా కూర్చోబెట్టి, అప్పుడు పుల్లీని రెండు చేతులా పట్టి ఊపాడు. రాయిలా ఉంది. ఇనుము చల్లారితే బిగుసుకుంటుందని, వేడెక్కితేనే ఆ పట్టు సడలుతుందని ఆయనకి తెలియనిది కాదు. ఒక స్కేలు తెచ్చి పుల్లీ అంచుకి పెట్టి చూసినా, అది షాఫ్టు మీద పిసరంత ముందుకి జరిగిందని బయటపడేది. కానీ చెవి లేదన్నాక కంటితో వెతకడం ఆయనకి అలవాటు లేదు. బెల్టు కాస్త బిగించి పంపేశాడు.

పది రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి బెల్టూ, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరూ రెండూ మార్చాడు. మూడోసారి వచ్చేసరికి ఆ కొత్త బెల్టు అంచు ఈనెలు ఈనెలుగా లేచిపోయి ఉంది. పంపు చుట్టూ నల్లటి పొడి రాలింది. అది చూసి కూడా చెవిమేస్త్రి, "ఇప్పుడొచ్చే బెల్టులన్నీ ఇంతే. రబ్బరు కాదది, పిండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య టీ గ్లాసులు పట్టుకుని ఇంటి వైపు గుమ్మంలోంచి వచ్చింది. ఇల్లూ షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. బండి ఇంకా నడుస్తూనే ఉంది.

"అక్కా, నువ్వైనా చెప్పు. నీకు వినిపిస్తోందా లేదా ఈ కీచు?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ బండి వంక చూడలేదు. మొగుడి మొహం వంక చూసింది. ఆయన మెడ కాస్త ముందుకి చాపి, ఏదో అందుకోబోతున్నవాడిలా నిలబడ్డాడు.

"ఇంజన్ల సంగతి నాకేం తెలుస్తుందిరా" అంది. "మీ బావ లేదంటే లేనట్టే. టీ చల్లారిపోతుంది, తాగు."

తమ్ముడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే, చెవిమేస్త్రికి దొరకనిది దెయ్యమే అయ్యుంటుంది. దానికి దుప్పటి కప్పి పడుకోబెడతాలే. నా దగ్గర దుప్పట్లకి కొదవా!" అని నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇక అడగలేదు. ఎన్నిసార్లని అడుగుతాడు! వేరే మెకానిక్కు దగ్గరికి వెళ్దామంటే, ఊళ్ళో చెవిమేస్త్రి ఉండగా, అందులోనూ సొంత బావ అయ్యుండగా, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? కీచు వినకుండా ఉండడానికి రేడియో గట్టిగా పెట్టుకున్నాడట. ఆ సంగతి తర్వాతెప్పుడో అతనే చెప్పాడు.

మూడు వారాలు గడిచాయి. ఓ మధ్యాహ్నం వేళ, ఉతికిన దుప్పట్లు నింపుకుని గుట్ట దిగుతున్నాడు. వాలు అడుగున రోడ్డు కుడికి తిరుగుతుంది. సరిగ్గా అక్కడ బానెట్ కింద ఏదో టప్పున ఊడిన చప్పుడైంది. మరుక్షణం స్టీరింగు బండరాయిలా బిగుసుకుపోయింది. ఎడమ చెయ్యి పైకి రాదు. కుడి చేత్తోనే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. బండి సగమే తిరిగింది. ముందు చక్రం రాతి గట్టుకి కొట్టుకునేసరికి స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగింది. ఊచల మధ్య ఇరుక్కున్న అతని మణికట్టుని కూడా తనతో తిప్పేసింది.

ఫోను ఆవిడే తీసింది. ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ ఆవిడే తీస్తుంది. వింటూ వింటూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

వాళ్ళు వెళ్ళేసరికి బావమరిది అదే పెద్దాసుపత్రిలో, కుడి చెయ్యి మోచేతి దాకా కట్టుతో పడుకుని ఉన్నాడు. మణికట్టు నాలుగు ముక్కలైందనీ, నరం కూడా నలిగిందనీ డాక్టరు చెప్పాడు. వేళ్ళు ఎంతవరకు ముడుచుకుంటాయన్నది ఇప్పుడే చెప్పలేమన్నాడు. చెప్పలేమన్న ఆ తీరులోనే అంతా చెప్పేశాడు.

"చూశావా బావా" అన్నాడు రోగి. "పదిహేనేళ్ళు నేను మోసిన దుప్పట్ల మీదే నన్ను పడుకోబెట్టారు. ఒక్కటీ సరిగ్గా ఉతకలేదు."

చెవిమేస్త్రికి అందులో సగమే అందింది. అయినా పెదాలు చూసి పోల్చుకున్నాడు. నవ్వబోయాడు. గొంతులోంచి వేరే ఏదో వచ్చింది.

"నువ్వేం పెట్టుకోకు మనసులో. పాత బండి. దాని కాలం అయిపోయింది" అన్నాడు బావమరిది. ఒక్క నింద వెయ్యలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది.

మర్నాడు వ్యానుని లాక్కొచ్చి షెడ్డులో దింపారు. ఆయన తలుపు వేసుకుని ఒక్కడే బానెట్ ఎత్తాడు. బెల్టు తెగలేదు, జారి పక్కన వేలాడుతోంది. పుల్లీ దాని చోట లేదు. వెతికితే కింది రేకులో పడి ఉంది. తీసి, గుడ్డతో తుడిచి, మధ్య బొక్కలో చూపుడువేలు పెట్టి తిప్పాడు. అద్దంలా నున్నగా ఉంది. ఒక్కరోజులో వచ్చే నునుపు కాదది. వారాల తరబడి షాఫ్టు మీద జారి జారి, తిరగాల్సినప్పుడు తిరక్కుండా రాసుకుని రాసుకుని వచ్చిన నునుపు. అలా రాసుకునే ఇనుము ఊరికే ఉండదు. అరుస్తుంది. ప్రతి మలుపులోనూ అరిచి ఉంటుంది. తను పక్కనే నిలబడి ఉండగా, స్క్రూడ్రైవరు పెట్టి కళ్ళు మూసుకుని ఉండగా, చెవి పక్కనే అరిచి ఉంటుంది.

భార్య ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకు వినిపించిందా?" అన్నాడు, పుల్లీ మీంచి కళ్ళెత్తకుండా.

ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడిందేమో, తనకి వినిపించలేదేమో అన్న అనుమానం వచ్చి తలెత్తాడు. అప్పుడు ఆవిడ తల ఊపింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ. వంటింట్లోకి కూడా వినిపించేది."

"మరి చెప్పలేదేం?"

"మీరు లేదన్నారు. వాడి ముందు, మీకు చెవి లేదని నేనెలా అంటానండీ?" ఆవిడ గొంతు పెంచింది, ఆయనకి అందాలని. రెండేళ్ళుగా ఆవిడ గొంతు రోజురోజుకీ పెరుగుతూ వచ్చిన సంగతి ఆయన అప్పుడే గమనించాడు. "ఇదొక్కటేనా! ఫోను మోగితే నేనే పరుగెత్తి తీస్తున్నాను. గేటు దగ్గర గంట కొడితే, ఎవరో వచ్చినట్టున్నారని నేనే చెప్తున్నాను. మొన్న మనవరాలు ఈల వేసి పిలిస్తే మీరు తిరిగి చూడలేదు. తాతకి కోపమొచ్చిందని ఏడ్చింది. పనిలో ఉన్నారే అని దాన్ని నేనే ఊరుకోబెట్టాను. మీకు తెలిస్తే తట్టుకోలేరని."

"మనుషులకి ఈ మధ్య నోట్లో నాలుక ఆడ్డం లేదనుకున్నాను" అన్నాడాయన.

పుల్లీని బల్ల మీద పెట్టి మళ్ళీ అన్నాడు. "వాడు నీ తమ్ముడే."

"నాకు తెలీదా?" అంది. ఆ మాట మాత్రం మెల్లగా అంది. అయినా ఆయనకి అందింది.

వాళ్ళిద్దరూ ఆ తర్వాత ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఇద్దరిలో ఎవరికీ హక్కు మిగల్లేదు. అన్నం వడ్డించింది, తిన్నాడు. అంతే.

వారం తిరక్కుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. మొదట గబగబా ఎత్తాడు. ఆ తర్వాత చాలాసేపు ఎత్తే పని పడలేదు. పరీక్ష అయిపోయిందేమో అనుకున్నాడు. గాజు వెనక పరీక్ష చేసే అమ్మాయి ఇంకా బొత్తాలు నొక్కుతూనే ఉంది.

"లావుపాటి మోతలు బాగానే వింటున్నారు. సన్నవి పోయాయి, పోయి నాలుగైదేళ్ళై ఉంటుంది" అన్నాడు డాక్టరు, గీతలు గీసిన కాగితం చూపిస్తూ. గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి గుట్ట దిగినట్టు దిగిపోయింది. "సుత్తి దెబ్బలు, ఇంజన్ల హోరు. ముప్పై ఏళ్ళు తక్కువా?"

"మిషను పెడితే?"

"ఇంట్లో మాటలకి కాస్త పనికొస్తుంది. ఇంజను పక్కన మాత్రం అన్నీ కలిసి ఒకటే రొద అవుతుంది. పోయినది తిరిగి రాదు మేస్త్రీ."

అన్నీ విని లేచి వచ్చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

అయినా బండిని బాగుచేశాడు. ఎందుకని భార్య అడగలేదు. పాత సామాన్ల యార్డుల్లో ఐదు రోజులు తిరిగి, అదే రకం వ్యాను ఒకటి చెట్లల్లో కూరుకుపోయి ఉంటే, దాని పుల్లీ సంపాదించాడు. అది అప్పటిదాకా ఎవరూ పీకనిది, బొక్కలో గరుకు ఇంకా ఉంది. షాఫ్టు కూడా అరిగిపోయింది కాబట్టి పంపు మొత్తం మార్చాడు. పుల్లీని సుత్తితో కొట్టలేదు. కొడితే పంపు లోపల దెబ్బ తింటుంది. షాఫ్టు కొసనున్న మరలో పొడుగు బోల్టు దింపి, దాని మీద నట్టు బిగిస్తూ, చుట్టుకి వెంట్రుకవాసి చొప్పున లోపలికి నొక్కుకుంటూ వచ్చాడు. పుల్లీ ముఖం షాఫ్టు కొసతో సమంగా నిలిచాక స్కేలు పెట్టి చూశాడు. మిగిలిన పుల్లీలన్నిటితో వరస కలిసింది. కంటికి ఏ వంకా లేదు. వంగిన బంపరూ, చక్రమూ సరిచేశాడు. బెల్టు ఎక్కించి ఇంజను తిప్పాడు.

గరగర. హోరు. అంతే.

వేడెక్కేదాకా ఆగి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. లోపలికి కేకేశాడు. భార్య వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, బానెట్ మీదికి వంగి చాలాసేపు విన్నది.

"లేదండీ" అంది. "పూర్తిగా పోయింది."

ఆయన ఆవిడ మొహం చూశాడు. మామూలుగానే ఉంది. రెండేళ్ళూ ఆ మొహం అలాగే ఉంది. గేటు దగ్గర గంట మోగినప్పుడూ అలాగే ఉంది, ఆ రోజు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డప్పుడూ అలాగే ఉంది.

"నిజం చెప్పు."

"మీ మీద ఒట్టు, లేదు."

ఆయన తల ఊపాడు. నమ్మాలనే ఉంది. కానీ నమ్మడానికి ఇంకెక్కడి నుంచో చిన్న ఆసరా కావాలి, అది ఆయన తలలో చీకటైపోయిన చోట ఉంది. ఇంజను ఆపేశాడు.

నెల తర్వాత బావమరిది కట్టు విప్పించుకుని వచ్చాడు. కుడి చేతి వేళ్ళు సగం దాకా ముడుచుకుంటున్నాయి. గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కలపాలి, కలిపినా ఎడమది నోటి దాకా రాదు. లాండ్రీ వాళ్ళు ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఇతని భార్య అదే లాండ్రీలో మడతలు పెట్టే పనికి కుదిరింది. బావమరిది వ్యాను పక్క సీట్లో కూర్చుని ఇంజను వెయ్యమన్నాడు. కాసేపు విన్నాడు.

"దెయ్యం వదిలింది బావా."

"అమ్మతోడు?"

"అమ్మతోడు." ఇంజను ఆపమని సైగ చేసి అన్నాడు. "అమ్మేద్దాం. నేనెలాగూ తోలలేను. ఇంటి ముందు పెట్టుకుంటే రోజూ చూడాలి."

కొన్నవాడు దాన్ని తోలుకోవడానికి కాదు, విడగొట్టి సామాన్లు అమ్ముకోవడానికి కొన్నాడు. చెవిమేస్త్రి నొక్కి కూర్చోబెట్టిన పుల్లీ ఒక్క కిలోమీటరు తిరిగిందో లేదో.

ఆ తర్వాత కొన్నాళ్ళు భార్య షెడ్డులోనే ఉంటానంది. "నేను విని చెప్తాను, మీరు చెయ్యండి" అంది. ఒక పాత కారు వచ్చింది. ఆవిడ పక్కన నిలబడి చెవి పెట్టింది.

"ఏదో మోగుతోందండీ."

"ఏదో అంటే? కీచా? గీకుడా? ఈలా?"

"ఈల లాంటిదే. ఈల కూడా కాదు."

"ఎక్కడి నుంచి?"

"ముందు నుంచి... కాదు, కింద నుంచేమో."

"తిప్పుతుంటే పెరుగుతోందా, తగ్గుతోందా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది, ఆయన మూసుకున్నట్టే. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. మోత ఉంది, ఆవిడకి వినిపిస్తోంది. దాన్ని ఆయనకి అందించడానికి ఆవిడ దగ్గర మాట లేదు. ముప్పై ఏళ్ళు ఆయన ఒక్కడే విన్నాడు, ఎవరికీ దానికి పేరు పెట్టి చెప్పలేదు.

"నాకు చేతకావడం లేదండీ" అంది చివరికి, ఏడుపు ఆపుకుంటూ.

"చేతకాదు" అన్నాడాయన. కోపంగా కాదు, ఉన్నమాటలాగా. కారాయన్ని పిలిచి పేటలో ఇంకో మెకానిక్కు పేరు చెప్పి పంపేశాడు. "మీరే చూడండి మేస్త్రీ, మీకంటే తెలిసినవాడెవడు?" అని అతను చాలాసేపు బతిమాలాడు. ఆయన వినలేదు.

ఇప్పుడు ఆ షెడ్డులో పంక్చర్లు వేస్తారు. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలు చెప్తాయి. దానికి చెవి అక్కర్లేదు. బావమరిది సాయంత్రాలు వచ్చి బల్ల మీద కూర్చుంటాడు, ఏదో ఒకటి చెప్తూనే ఉంటాడు. సగం మాటలు ఈయనకి అందవు, అతని చేతికి గ్లాసు అందదు. గ్లాసు ఈయన పట్టుకుంటాడు. అతను తాగుతాడు.